ఊరికే ఇస్తున్నాను

దేవుని ఎదుట, వకీలుగారి ఎదుట, ఇద్దరు సాక్షుల ఎదుట నేను రాయిస్తున్న వీలునామా ఇది. నా వయసు డెబ్బై మూడు. పెళ్ళి చేసుకోలేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చర్చిలో బాప్తిస్మం తీసుకోదలచినవారికి విశ్వాస పాఠాలు చెప్పే పని మాత్రం, పోయిన ఏడాది పక్షవాతం వచ్చేదాకా చేశాను. అందరూ నన్ను టీచరమ్మ అంటారు.

నా మతి స్థిమితంగా ఉంది. పోయింది మాట. తలుపు అనబోతే తువ్వాలు అని వస్తుంది. అయినా ఏది తలుపో ఏది తువ్వాలో నాకు తెలుసు. డాక్టరుగారు పరీక్షించి ఆ సంగతి రాసి ఇచ్చారు. నేను ఒక్కొక్క మాటే అంటుంటే వకీలుగారు వాక్యం కట్టి చదివి వినిపిస్తారు. తప్పయితే ఎడమ చేత్తో బల్ల మీద కొడతాను. వాక్యాలు ఆయనవి, సంగతులు నావి. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, బతిమాలనూ లేదు.

1. ఇంతకుముందు రాసిన వీలునామాను దీనితో రద్దు చేస్తున్నాను. అందులో నా స్వార్జితమైన ఈ ఇల్లంతా చర్చికి రాసి, నా సేవలన్నీ చెక్కిన పాలరాతి పలకను ముందు గోడకు పెట్టించాలని షరతు పెట్టాను. పలక ఎంత పొడుగుండాలో కూడా చెప్పాను. అది తలచుకుంటే ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. చర్చి హాలులో ఫ్యాన్లు పాడైపోయాయి. బ్యాంకులో నా పేర ఉన్నది వాటికి వాడాలి. ఫ్యాను రెక్కల మీద నా పేరు రాయించకూడదు.

2. దీన్ని అమలు చేసే బాధ్యత నా తమ్ముడిది. బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైనవాడు, వేళ తప్పితే ఊరుకోడు. అమ్మ కుట్టు మిషన్ నాకు చెప్పకుండా అమ్మేసినందుకు వాడి మీద నాకు కోపం ఉండేది. ఉండేది అని వకీలుగారు రాశారు. ఉంది అని దిద్దించాను. అయినా పై వాటా వాడికే ఇస్తున్నాను. అక్కడ అద్దెకుంటున్న గడియారాల మెకానిక్కును ఖాళీ చేయమని తొందరపెట్టకూడదు. ఆయన ఈ వీలునామాకు సాక్షి కాబట్టి దీని కింద ఏమీ ఇవ్వకూడదట. నా వాలుకుర్చీ మొన్ననే పైకి పంపించేశాను.

3. అద్దం బీరువా మా మరదలికి. పెళ్ళై వచ్చిన రోజు నుంచి దాని ముందు నిలబడి జుట్టు సవరించుకుంటూనే ఉంది. ఒక్కసారి అడిగితే అప్పుడే ఇచ్చేదాన్ని. అడగలేదు గనక ఇవ్వలేదు. అడిగించుకోవాలని ఇన్నేళ్ళు కాచుకు కూర్చున్నాను. తాళం తిప్పేటప్పుడు తలుపును మోకాలితో కాస్త నొక్కాలి.

4. నా పాఠాల బల్ల మీది ఇత్తడి గంట, తమ్ముడి మనవరాలికి. ఎవరైనా జవాబు తప్పు చెబితే నేను దాన్ని టంగుమని కొట్టేదాన్ని. పెద్దపెద్ద మగవాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు. పిల్ల దానితో వంటింటి ఆట ఆడుకున్నా, పోగొట్టుకున్నా ఎవరూ కోప్పడకూడదు.

5. వీధి వైపు గది, దాని వెనక వంటగది, పెరట్లో కుళాయి ఉన్న చోటు, ఇవన్నీ నా తదనంతరం సర్వహక్కులతో పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడకు చెందాలి. దగ్గరికి వస్తే సబ్బు వాసన వస్తుందని చర్చి పిల్లలు ఆవిడను సబ్బు పిన్ని అంటారు. ఈ సంగతి ఆవిడకు ఇంకా తెలియదు.

ఆవిడకెందుకని తమ్ముడు అడుగుతాడు. అడగడం న్యాయమే. అందుకే జరిగింది చెబుతున్నాను.

భర్త పోయిన కొత్తలో ఆవిడ చర్చికి రావడం మొదలుపెట్టింది. బాప్తిస్మం కావాలంది. డ్యూటీ దిగి నేరుగా, నేను పాఠాలు చెప్పే ఈ వీధి గదికే వచ్చి బెంచీ చివర కూర్చునేది. వేళ్ళు నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. నమ్ముచున్నాను, నమ్ముచున్నాను అంటూ సాగే విశ్వాస ప్రమాణం సగందాకా వచ్చి ఆగిపోయేది. పది ఆజ్ఞలు అడిగితే కొన్ని చెప్పి, "మిగతావి కూడా అలాంటివేనండీ" అనేది. అందరూ నవ్వేవారు. నేను గంట కొట్టేదాన్ని.

ఆఖరి రోజు పరీక్షలో, రక్షణ దేనివల్ల కలుగుతుందని అడిగాను. దేవుడు ఉచితంగా ఇచ్చే కృపవల్ల, మన క్రియలవల్ల కాదు అన్నది జవాబు.

"గుర్తు రావడం లేదమ్మగారూ. ఊరికే ఇస్తారన్నారు కదా, తీసుకుందామని వచ్చాను," అంది.

గంట కొట్టాను. ఇంకా సిద్ధపడలేదు, వచ్చే ఏడాది రమ్మన్నాను.

ఆ జవాబులో తప్పేమిటని ఎవరైనా అడిగి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు. ఎవరూ అడగలేదు. నా మాట కాదని పాత పాస్టరుగారు ఎవరికీ బాప్తిస్మం ఇచ్చేవారు కారు. మరుసటి ఏడాదీ ఆవిడను వెనక్కి పంపాను, ఆ పై ఏడాదీ పంపాను. తరవాత నా గదికి రావడం మానేసింది గాని చర్చి మానలేదు. వెనక వరసలో తలుపు పక్కన కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు లేచి బయటికి వెళ్ళిపోయేది. బాప్తిస్మం కానివాళ్ళకు అవి ఇవ్వరు. ముందు వరసలోంచి తల తిప్పి చూసి, పద్ధతి తెలిసిన మనిషే అని మనసులో మెచ్చుకునేదాన్ని. ఈ మాట రాయిస్తుంటే చెవులు కాలుతున్నాయి.

పక్షవాతంతో ఆసుపత్రిలో పడ్డప్పుడు ఒకనాడు పక్క తడిపేశాను. ఉతికిన దుప్పట్లు మోసుకుని వార్డులోకి వచ్చింది ఆవిడే. నేను కళ్ళు మూసుకున్నాను.

"సిగ్గుపడకండమ్మగారూ, రోజంతా నేను చేసేది ఈ పనే," అంటూ నన్ను పక్కకు ఒత్తిగిల్లించింది.

నేను సిగ్గుపడింది దుప్పటికి కాదు.

ఇంటికి చేరాక కూడా వచ్చింది. పని దిగాక వచ్చి, ఒళ్ళు తుడిచి, జావ పట్టి, పక్క మార్చి వెళ్ళేది. మొదట్లో నా అవస్థ చూసి సంతోషించడానికి వస్తోందనుకున్నాను. తరవాత ఇంటి మీద కన్నేసిందనుకున్నాను. కారణం లేకుండా ఒక మనిషి రాగలదని నాకు తట్టనే లేదు. ఒకరోజు మరదలు మొహం మీదే అడిగేసింది, "ఇంతకీ నీకేంటి లాభం?" అని.

ఆవిడ నవ్వేసింది. "లాభమేముందమ్మా, ఇంటికెళ్ళే దారే కదా."

ఆవిడ ఇల్లు ఊరికి అటు చివర. ఇక్కడికి రావాలంటే రెండు బస్సులు మారాలి. ఆ సంగతి గడియారాల మెకానిక్కు చెబితే తెలిసింది.

నెలనెలా కొత్త పాస్టరుగారు చర్చిలో పంచే రొట్టె నాకు ఇంటికే తెచ్చేవారు. రొట్టె తీసుకునే ముందు విశ్వాస ప్రమాణం పైకి చెప్పాలని సంఘంలో పట్టుబట్టి నియమం పెట్టించింది నేనే. నమ్ముచున్నాను అనబోతే నా నోట నిమ్మకాయ అని వచ్చింది. పాస్టరుగారు, "పరవాలేదు టీచరుగారూ, తీసుకోండి," అన్నారు. నేను గోడవైపు తిరిగి పళ్ళు బిగించాను. దేవుడికి చూపించుకోవడానికి నా దగ్గర ఉన్నవల్లా ఆ మాటలే. అవీ పోయాక ఏ ముఖంతో నోరు తెరవను? అలా నెలలు గడిచాయి.

ఒక సాయంత్రం ఆవిడ నాకు జావ పడుతుండగానే పాస్టరుగారు వచ్చారు. రొట్టె పళ్ళెం చూడగానే ఆవిడ గిన్నె పట్టుకుని అలవాటుగా లేచింది. నా ఎడమ చెయ్యి వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"మీరెందుకు లేస్తున్నారు?" అన్నారు పాస్టరుగారు.

"నాకు బాప్తిస్మం కాలేదండీ. పాఠం రాదు."

ఆయన నావైపు చూశారు. ఏమనబోతే ఏం వస్తుందోనని నాకు భయం వేసింది. నాలుక కూడదీసుకున్నాను.

"వచ్చు," అన్నాను.

సరైన మాటే పడింది. మళ్ళీ అన్నాను, "వచ్చు."

పాఠం వచ్చు అన్నానో, ఆవిడ లోపలికి రావచ్చు అన్నానో పాస్టరుగారు అడగలేదు. ఆవిడ మాత్రం, "నాకెక్కడ వచ్చమ్మగారూ, ఇప్పటికీ సగమేగా!" అంది. అని, గిన్నె కింద పెట్టి ఏడ్చింది.

ఆ వచ్చే ఆదివారమే ఆవిడకు బాప్తిస్మం అయింది. నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి వెనక వరసలో తలుపు పక్కన ఉంచారు. తడి జుట్టుతో వచ్చి ఆవిడ నా పక్కనే కూర్చుంది. ఇద్దరికీ పాఠం రాదు. ఇద్దరికీ రొట్టె ఇచ్చారు. తిన్నాం.

ఆవిడ చేసిన సేవకు ప్రతిఫలంగా ఈ గదిని ఇస్తున్నట్టు వకీలుగారు మొదట రాశారు. బల్ల మీద కొట్టాను. కృతజ్ఞతతో అని మార్చారు. మళ్ళీ కొట్టాను. "ఏదో ఒక కారణం ఉంటే రేపు పేచీ రాదు టీచరుగారూ," అన్నారు ఆయన. పాపం, ఆ పూట ఆయన కాఫీ చల్లారిపోయింది. ప్రతిఫలమని రాస్తే ఆవిడ తీసుకోదు, నేను మళ్ళీ మొదటికి వస్తాను. అందువల్ల ఈ అంశాన్ని ఇలా చదువుకోవాలి: పైన చెప్పిన ఆస్తిని ఆవిడకు ఊరికే ఇస్తున్నాను. ఆవిడ అది అమ్ముకున్నా, అద్దెకిచ్చుకున్నా, అందులో ఉతికిన బట్టలు ఆరేసుకున్నా ఎవరూ అడ్డుపడకూడదు.

6. నన్ను పాతిపెట్టేటప్పుడు నా సేవల గురించి ఎవరూ మాట్లాడకూడదు. నేను తిప్పి పంపినవాళ్ళు ఇంకా ఉన్నారు. కొందరు వేరే చర్చికి వెళ్ళారు, కొందరు ఏ చర్చికీ వెళ్ళడం లేదు. పాస్టరుగారికి వాళ్ళ ఇళ్ళు నేను చూపించాను. ఎండలో కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళారు. ఒకాయన నా ముఖం మీదే తలుపు వేశాడు. ఆయన ఇంటికి పాస్టరుగారు మళ్ళీ వెళ్ళాలి, నా పేరు చెప్పకుండా వెళ్ళాలి.

కుడి చెయ్యి పనిచేయదు గనక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. ఇక నా చేతిలో ఏమీ లేదు. దేవుడి ముందుకు ఇలా వట్టి చేతులతో వెళ్ళాలంటే సిగ్గుగానే ఉంది. అయినా వెళ్తాను.

2025 మార్చి పదకొండవ తేదీ, మంగళవారం.

వేలిముద్ర: టీచరమ్మ

సాక్షులు: పై వాటా గడియారాల మెకానిక్కు (సంతకం)
పరీక్షించిన డాక్టరుగారు (సంతకం)

రాసినది: వకీలు. చదివి వినిపించగా బల్ల మీద కొట్టలేదు.