కంకుల సంచికి దొరికిన వీసా

రాజేశం,

తెల్లాపూర్ అనే పరదేశం నుంచి రాస్తున్నాను. బాలానగర్ కార్ఖానాలో ముప్పై ఏళ్లు పక్కపక్క లేత్ మెషీన్ల మీద పనిచేసినవాళ్లం. ఫోనెత్తకపోతే మానె, ఉత్తరమైనా చదువు.

కూతురి ఇంటికి మారి మూడు నెలలైంది. ఈ దేశంలో మనుషులకు ఫ్లాట్ నంబర్లే పేర్లు. కుక్కలకు మాత్రం ముద్దుపేర్లున్నాయి. లిఫ్టులో కుక్కను పలకరిస్తే యజమాని నవ్వుతాడు, యజమానిని పలకరిస్తే కుక్క మొరుగుతుంది. సరే, అసలు సంగతికి వస్తాను.

ఇక్కడ ఎవరైనా గేటు దాటాలంటే లోపలివాళ్లు ఫోనులో ఒప్పుకోవాలి. అమ్మాయికి రోజుకు పది పార్సిళ్లొస్తాయి, ఫోను నొక్కే కొలువు నాది. మొన్న నువ్వు నన్ను చూడవస్తే, నీ భుజాన సంచి చూసి కాపలావాడు నిన్ను డెలివరీ కింద రాశాడు. నేనూ అలవాటుగా 'గేటు దగ్గర పెట్టి వెళ్లమనండి' అని నొక్కేశాను. సాయంత్రం సంచి పైకొచ్చింది. దాని ముడి చూడగానే నీదని తెలిసి కిందికి పరుగెత్తాను.

"పెద్దాయన మస్తు గరమైండు సార్," అన్నాడు కాపలావాడు. "'కంకులు పైకి పోతయి, నేను పోరాదా?' అనుకుంట పోయిండు."

కంకులు ఉడకబెడితే అమ్మాయి, "ఏ యాప్‌ల ఆర్డర్ పెట్టినవ్ నాన్నా, మస్తున్నయ్!" అంది. నా కంకి పక్కనపెట్టి నీకు ఫోన్ చేశాను, నువ్వెత్తలేదు.

ఆదివారం నేనే వస్తున్నాను. తలుపు కొడితే "ఎవడ్రా?" అని ఎప్పటిలాగే కేకెయ్. నా పేరు నేను చెప్పుకుని మూడు నెలలైంది.

ఇట్లు,
బి బ్లాకు, 1504