వరలక్ష్మమ్మ సగం మాత్ర

భిలాయి, సెక్టర్ 6
మే నెల, 1964

చిన్నమ్మలూ, నా బంగారు చెల్లీ,

నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడి ఎండ గురించి రాస్తే ఈ కాగితం కూడా మాడిపోతుంది, అందుకని రాయను.

నా ఒంటి సంగతి విను. కొన్నాళ్ళుగా చేతులూ వీపూ ఒకటే దురద. గోళ్ళు చాలక అట్లకాడతో గోక్కుంటున్నాను, నవ్వకు. కోడలు కనకలత ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు దానికి హిందీలో ఏదో చెప్పి మాత్రలిచ్చాడు. సీసా తనే దాచుకుని, నేను పడుకోబోయే ముందు బ్లేడుతో మాత్ర కోసి సగం నా చేతిలో పెడుతుంది. రెండో సగం కూడా ఇవ్వమంటే, "సగమే అన్నాడత్తా" అని సీసా మూత బిగిస్తుంది. పక్క క్వార్టర్లో గౌరీదేవికి అదే మాత్ర పూర్తిగా ఒకటి! నేను రెండు చేతులా గోక్కునే మనిషిని, నాకు సగం! మావాడు సూర్యారావు మార్చిలో ఉక్కు ఫ్యాక్టరీ ట్రైనింగుకని రష్యా వెళ్ళాడు కదా, వాడు గుమ్మం దాటగానే ఈ ఇంట్లో నేనూ సగం మనిషినైపోయాను. ఎవరికీ చెప్పుకోలేదు, నీకే చెబుతున్నాను. ఇక్కడ ఉండను. వచ్చే వారం బయల్దేరుతున్నాను, మరిదిగారిని విజయనగరం స్టేషనుకు పంపు.

నీ అక్క,
వరలక్ష్మమ్మ


భిలాయి
ఆ తరవాతి వారం

చెల్లీ,

స్టేషనుకు ఎవరినీ పంపకు. నేను రావడం లేదు. ఎందుకో చదువు, కానీ పిల్లలకు మాత్రం వినిపించకు.

నీకు ఉత్తరం వేసిన మర్నాడు మధ్యాహ్నం కోడలు బజారుకు వెళ్ళింది. పోస్టుమేను మన గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. ఆ రోజూ రష్యా నుంచి ఉత్తరం లేదు. అంతే, వీపంతా చీమలు పాకినట్టయింది. అలమరలో సీసా కనబడింది. రెండు మాత్రలు వేసుకుని, కాస్త నిద్రైనా పడుతుందని పైన ఒక మూతెడు దగ్గు మందు కూడా తాగాను. కాసేపటికి నోరు ఎండిపోయింది. మంచినీళ్ళకని లేస్తే గోడలు నాకంటే ముందు లేచాయి. వంటింటి గడప దగ్గర కూలబడ్డాను.

కళ్ళు తెరిచేసరికి కనకలత ఒళ్ళో ఉంది నా తల. "ఎన్ని వేసుకున్నావత్తా? ఈ దగ్గు మందు కూడా తాగేవేటి? నిజం చెప్పు, నేనేటీ అనను!" అని ఏడుస్తోంది. రెండు వేళ్ళు చూపించాను. గౌరీదేవి భర్త వాసుదేవరావు రిక్షా తెచ్చాడు. కోడలు రెండు సీసాలూ కొంగున కట్టుకుని, నన్ను పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో సాయంత్రందాకా నాడి చూస్తూ పడుకోబెట్టారు. మత్తు దిగాక డాక్టరు చెప్పిన మాటలన్నీ కోడలు తెలుగులో చెప్పింది. "వయసు మీదపడ్డ వాళ్ళ ఒంట్లోంచి ఈ మందు తొందరగా పోదటత్తా. అందుకే నీకు సగం. ఎక్కువ వేసుకున్నా దురద ఎక్కువ తగ్గదు, మత్తెక్కి పడిపోతారట. నిద్రొచ్చే దగ్గు మందు దీంతో కలపనే కూడదట."

"ఈ ముక్క ముందే చెప్పకపోయావా?"

"ముసలిదానివంటే కోప్పడతావని చెప్పలేదత్తా."

నాకు నవ్వాగలేదు. కోప్పడేదాన్నే! దురద ఎప్పుడు ఎక్కువని డాక్టరు అడిగాడు. "పోస్టుమేను వట్టి చేతుల్తో వెళ్ళినప్పుడు" అనేశాను. కోడలు అది హిందీలో చెప్పగానే ఆయనా నవ్వాడు. గాబరాకీ ఈ మాత్రే పనిచేస్తుందట. అయితే గాబరా పెరిగిందని మాత్ర పెంచకూడదు, తనను అడగాలి అన్నాడు.

మర్నాడు చూద్దును కదా, కనకలత కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నా మనసు కరిగిపోయింది. "నీకూ వాడి బెంగేనే. ఇవాళ్టి నా సగం నువ్వు వేసుకో" అన్నాను.

"అమ్మో, ఒకరి మందు ఇంకొకరు వేసుకోకూడదత్తా. పైగా నాకిప్పుడు అస్సలు కూడదట, నన్ను చూసే డాక్టరమ్మని అడిగేను."

"నీకేమొచ్చిందే?"

కోడలు తల వంచుకుంది. "మూడో నెలత్తా. ఆయన కబురు తెలిసేక చెబుదామనుకున్నాను."

నేను పెట్టిన కేకకు గౌరీదేవి పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది!

నిన్న సూర్యారావు ఉత్తరం వచ్చింది. క్షేమమే, నల్లరొట్టె తినలేక చస్తున్నాడట. వాడికి ఈ కబురు ఎవరు రాయాలని అత్తాకోడళ్ళం పొద్దున్నుంచీ తగవు పడి, చివరికి తనే రాయడానికి కూర్చుంది. నేను పక్కన చేరి ఏం రాయాలో చెబుతుంటే, "కాస్త అటు తిరుగత్తా" అంటోంది. తిరిగి కూర్చుని నీకు రాస్తున్నాను.

కాబోయే నాయనమ్మ,
నీ అక్క వరలక్ష్మమ్మ