తెల్లటి నమూనా

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం నీకంటే ముందు మీ అకౌంట్స్ ఆఫీసర్ గారు చదువుతారని తెలుసు కాబట్టి ముందుగా ఆయనకి నమస్కారం. సర్, ఇందులో మా ఇంటి విషయాలు కాస్త కలుస్తాయి. అవి ఫైల్లో పెట్టకపోయినా పర్వాలేదు.

అక్కా, మీ ఫ్యాక్టరీకి గాలిలో దుమ్ముని పట్టే యంత్రం అమ్మాలని తిరుగుతున్న కంపెనీల్లో మాది ఒకటి. మా కంపెనీ తరఫున ఆ పని చూసేది నేను. అక్కడ ఏది కొనాలో తేల్చే కమిటీలో నువ్వు. తమ్ముడు అమ్ముతుంటే అక్క కాదంటుందా అని మీవాళ్ళు అనుమానపడటంలో తప్పులేదు. ఇది తేలేదాకా మనిద్దరం ఫోన్లో మాట్లాడుకోకూడదు, ఏం చెప్పుకున్నా కాగితం మీదే చెప్పుకోవాలి, దానికో నకలు ఆఫీసులో ఉండాలి అన్నారట. నాకైతే బాగానే ఉంది. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు.

ఇక పని సంగతి. మీరు మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీసి, ఎండబెట్టి, పొడిచేసి సంచుల్లో నింపుతారు. పొడి ఎగిరే ప్రతి చోటా గాలిని పీల్చి, ఆ గాలిలోంచి దుమ్ముని విడదియ్యడం మా పని. దానికి దారులు మూడు. గాలిని గరాటు లాంటి గొట్టంలో గిర్రున తిప్పితే బరువైన రేణువులు గోడకు తగిలి కిందికి జారతాయి. దాన్ని సైక్లోన్ అంటాం. చవక, కానీ సన్నటి దుమ్ము దాని చేతికి చిక్కదు. రెండోది, గాలిని నీళ్ళతో కడగడం. స్టార్చ్ తడిస్తే జిగురవుతుంది, ఆ గొట్టాలు గోకడానికే మీరు మనుషుల్ని పెట్టుకోవాలి. మూడోది గుడ్డ సంచుల ఫిల్టర్. మీకు అదే సరిపోతుందని నా నమ్మకం.

చిక్కల్లా ఒకటే. స్టార్చ్ దుమ్ము గాలిలో మబ్బులా కమ్మినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఎంత గట్టిగా పేలుతుందో తెలియనిదే ఫిల్టర్ పెట్టె ఎంత బలంగా ఉండాలో నేను చెప్పలేను. అందుకని ఒక డబ్బా నిండా నమూనా పంపించు. ల్యాబ్‌లో పేల్చి చూస్తారు.

ఇది నా చేతికొచ్చిన మొదటి సొంత పని. ఈ ఆర్డర్ వస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని మా మేనేజర్ అన్నారు. నిన్ను మొహమాటపెట్టడానికి రాయట్లేదు. సరే, కొంచెం అందుకే రాస్తున్నాను.

బావని అడిగానని చెప్పు.

నీ మాటకి ఎదురు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే
తమ్ముడు

*

ఒరేయ్ చిన్నోడా,

ప్రియమైన అని మొదలుపెడదామనుకున్నాను. కళ్ళజోడు గారు పక్షపాతం అనుకుంటారని మానేశాను. మా అకౌంట్స్ ఆఫీసర్‌ని ఇక్కడ అందరం అలాగే అంటాం, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

నీకు కావలసిన హాలు కొలతలన్నీ దీనితో పంపుతున్నాను. మా పాత ఫిల్టర్ పీల్చేదానికన్నా ఊదేదే ఎక్కువ. సంచులు నింపే హాల్లో ఒక పూట నిలబడితే కనురెప్పలు బరువెక్కుతాయి. బావ పని చేసేది అక్కడే కదా, నింపిన సంచి మూతి కుట్టే బల్ల దగ్గర. మొన్న తలంతా తెల్లబడి ఇంటికొస్తే పక్కింటావిడ నన్ను పిలిచి, "మీ మామగారు ఎప్పుడొచ్చారమ్మా" అంది. ఆయనకి వినపడింది. తలస్నానం చేసి వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

కొత్త యంత్రం హాలు లోపలే, బావ బల్ల పక్క గోడకి ఆనించి పెట్టాలంటున్నారు యజమాని. గోడకి అవతల ఆయన కార్ల షెడ్డు ఉంది. దాన్ని కదిలించే మాట ఎవరెత్తినా ఆయనకి పొలమారుతుంది.

నమూనా డబ్బా పంపిస్తున్నాను. మా ఫ్యాక్టరీ పేరు మీద బయటికి పోయేది, చూసినవాళ్ళు మెచ్చుకోవాలని దగ్గరుండి నేనే నింపించాను. మల్లెపువ్వులా ఉంటుంది, ఒక్క నలుసు కనిపిస్తే నన్నడుగు. ఇంజనీరువయ్యావు గానీ నీ గదిలో నేల కనపడి ఎన్నాళ్ళయిందో అమ్మ చెప్పింది. ఈ డబ్బా చూసైనా నేర్చుకో.

నీ
అక్క

*

ప్రియమైన అక్కకి, కళ్ళజోడు గారికి (అక్క పెట్టిన పేరు సర్, నాది కాదు),

ల్యాబ్ ఫలితం వచ్చింది. మీ స్టార్చ్ పేలుతుంది గానీ నేను భయపడినంత గట్టిగా కాదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

డ్రాయింగ్ పంపుతున్నాను. గుడ్డ సంచుల ఫిల్టర్, యజమాని గారు కోరినట్టు హాలు లోపలే. పెట్టెకి ఒక పక్క కావాలనే పల్చటి రేకు బిగిస్తాం. లోపల ఎప్పుడైనా మంట లేచి ఒత్తిడి పెరిగితే ముందుగా ఆ రేకే చిరుగుతుంది. మంట ఆ దారిన పొట్టి గొట్టంలోంచి గోడ దాటి, షెడ్డు కప్పు మీదుగా ఆకాశంలోకి పోతుంది. పెట్టె పగలదు, హాల్లో ఉన్నవాళ్ళకి ఏమీ కాదు. రేకు ఎంత పెద్దదుండాలి, పెట్టె ఎంత మందం ఉండాలి అనేవి రెండూ ఆ ల్యాబ్ ఫలితాన్ని బట్టే లెక్క కట్టాను. మా మేనేజర్ చూసి, "కుర్రాడివైనా గీత బాగా గీశావ్" అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం మా ఆఫీసులో వార్త.

డ్రాయింగులో బల్ల పక్కన చిన్న మనిషి బొమ్మ వేశాను చూశావా? ఎత్తుల కొలత తెలియడానికి అలా వేస్తాం. దానికి మీసం పెట్టాను. అది బావ.

నీ
తమ్ముడు

*

చిన్నోడా,

నీ డ్రాయింగ్ కమిటీకి నచ్చింది. మీసం మాత్రం బావకి నచ్చలేదు, పల్చగా ఉందట. మిగతా కంపెనీలవాళ్ళు హాలు లోపల పెట్టడానికి నసుగుతుంటే నువ్వొక్కడివే కుదురుతుందన్నావని యజమాని తెగ సంబరపడుతున్నారు. హాల్లో పునాది కూడా పోయించేశారు. ఇక నా సంతకం ఒక్కటే మిగిలింది.

ఈ వారమంతా దులుపుళ్ళు. కొత్త యంత్రం వచ్చేలోపు హాలంతా శుభ్రం కావాలని నేనే పట్టుబట్టాను. బావా, ఇంకో ఇద్దరూ నిచ్చెనలేసుకుని పైదూలాలెక్కారు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మురా అది, వేలు పెడితే పొగలా లేచింది. మేం అమ్మే స్టార్చ్ చేతిలోకి తీసుకుంటే కిచకిచమంటుంది, బరువు తెలుస్తుంది. ఇది చేతిలో ఉందో లేదో తెలీదు. గాలిలోకి లేచిందంటే మధ్యాహ్నం దాకా కిందికి దిగలేదు. పాత ఫిల్టర్ అడుగున ఉన్నదీ ఇదేనట. "ఇది మన సరుకేనా" అన్నాడు బావ. "మన సరుకే, మరీ ఎండిపోయింది" అన్నాను. పోనీలే, నీకు పంపింది సంచిలో నింపేముందు జల్లించిన సరుకు. ఈ బూడిద పంపి ఉంటే నా పరువు పోయేది.

అమ్మకి కబురు చెప్పేదా, నీ ఉద్యోగం ఖాయమైనట్టేనని?

నీ
అక్క

*

అక్కా,

సంతకం పెట్టకు. పెట్టి ఉంటే వెనక్కి తీసుకో.

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నువ్వు పంపింది అమ్మే సరుకు. ఫిల్టర్‌లోకి వెళ్ళేది అది కాదు. అమ్మే సరుకు బరువుగా సంచిలో పడుతుంది. దాన్నుంచి విడిపోయి గాలిలో తేలేదీ, దూలాల మీద వాలేదీ, గొట్టాల్లోకి పీల్చుకునేదీ మాత్రం బావ వేలు తగిలితే పొగలా లేచిందే, ఆ దుమ్ము. రేణువు ఎంత సన్నగా ఉంటే, ఎంత ఎండి ఉంటే అంత చప్పున అంటుకుంటుంది. నేను పెట్టెని ఒక పొడికి కట్టాను, అందులో చేరబోయేది ఇంకొకటి. రేకు చిరిగి మంట బయటికి పోయేలోపే పెట్టె పగలొచ్చు. పెట్టె పక్కన ఎవరుంటారో బొమ్మ గీసింది నేనే.

తప్పు నీది కాదు. ఎక్కడి దుమ్ము కావాలో నేను చెప్పలేదు, "నమూనా" అని ఊరుకున్నాను. ఎదుటివాళ్ళకి మంచిదే పంపాలని నీకు అనిపిస్తుందని నాకు తెలియదా? తెల్లగా ఉందని నువ్వు మురిసిపోతూ రాసినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

సంచులు నింపే లైను ఆపించి పాత ఫిల్టర్ అడుగునుంచీ, దూలాల మీంచీ దుమ్ము తీయించి పంపు. మా మేనేజర్‌కి చెప్పాను. "వాళ్ళు పంపిన డబ్బాకే మన బాధ్యత. నువ్వేం రాయకు" అన్నారు. రాస్తున్నాను. దీని నకలు మీ ఆఫీసులో ఉంటుందని తెలిసే రాస్తున్నాను. ఆర్డర్ సంగతి వదిలెయ్.

తమ్ముడు

*

ప్రియమైన అక్కకి,

నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. ఆర్డర్ ఖాయమని ముందే కట్టించేసిన యంత్రాన్ని లారీకి ఎక్కించడానికి ఏర్పాట్లు చేస్తున్నారు, అంటే మీవాళ్ళెవరూ ఆపమని చెప్పలేదన్నమాట. మీ ఆఫీసుకి ఫోన్ చేశాను, నియమం నియమమే అని అమ్మాయెవరో పెట్టేసింది. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

కోపమొచ్చిందా? నీ శుభ్రతకి వంక పెట్టానని అనుకున్నావా? చిన్నప్పుడు నేను నీ పుస్తకంలో ఒక తప్పు చూపిస్తే నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. ఇప్పుడూ మానెయ్, నేనేమీ అనుకోను. ఇంకెప్పుడూ మాట్లాడకపోయినా సరే, బావని మాత్రం ఆ బల్ల దగ్గర నిలబడనివ్వకు.

ఆఫీసులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మేనేజర్ గారు నా బల్ల పక్కనుంచి వెళ్ళేటప్పుడు గోడ వైపు చూస్తున్నారు. రేపటికి నీ జవాబు రాకపోతే సెలవు పెట్టి బయల్దేరతాను. ఈ ఉత్తరం కళ్ళజోడు గారు ముందు చదివితే, సర్, దయచేసి దీన్ని ఫైల్లో పెట్టేముందు మా అక్క చేతికివ్వండి.

తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడికి,

బయల్దేరకు. బావ క్షేమం. అందరం క్షేమం. ఇది ముందు చదివి, మంచినీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు.

సంతకం పెట్టొద్దన్న నీ ఉత్తరం వచ్చేసరికి నేను సంతకం పెట్టేశాను. కోపం రాలేదని అబద్ధమెందుకు చెప్పాలి? గదిలో నేల కనపడనివాడు నాకు శుభ్రత చెబుతాడా అనుకున్నాను. మడిచి బల్ల సొరుగులో పడేశాను. అయినా ఆ పూటంతా హాల్లోకి వెళ్ళినప్పుడల్లా కళ్ళు పైదూలాల మీదికే పోయాయి. తెల్లారి కమిటీ దగ్గరికి వెళ్ళి సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను.

యజమాని కుర్చీలో వెనక్కి వాలి, "మీ తమ్ముడిది కొందామన్నది మీరే, వద్దంటున్నదీ మీరే. ఇదేమన్నా మీ ఇంటి పెళ్ళిచూపులా అమ్మా?" అన్నారు. అప్పుడు కళ్ళజోడు గారు గొంతు సవరించుకుని, "సర్, అమ్మేవాడే కొనొద్దని రాశాడు. ఇన్నేళ్ళ నౌకరీలో ఇలాంటి ఉత్తరం నా ఫైల్లోకి రాలేదు. ఆ అబ్బాయికి పిచ్చన్నా ఉండాలి, నిజమన్నా అయ్యుండాలి. ఒక్క పూట లైను ఆపితే ఏదో తేలిపోతుంది" అన్నారు. యజమాని కిటికీలోంచి తన షెడ్డు వైపు చూసి, "ఒక్క పూటే" అన్నారు.

లైను ఆపాం. ఫ్యాన్ చప్పుడు ఆగిపోతే హాలు ఎవరిదో కొత్త చోటులా అనిపించింది. బావా, ఫిట్టరూ పాత ఫిల్టర్ అడుగు మూత తీశారు. బావ డబ్బా పట్టుకుని చెయ్యి లోపల పెట్టాడు. పెట్టి అలాగే ఉండిపోయాడు. "ఏమేవ్, ఇటు రా. ఇది వెచ్చగా ఉంది" అన్నాడు.

వెళ్ళి చూశాను. మూలన పిడికెడంత గడ్డ కట్టి ఉంది. పైన గోధుమరంగు, పగిలిన చోట లోపల నలుపు. సన్నటి పొగ, దారమంత. మాడిన వాసన. లోపల ఎప్పట్నుంచి రాజుకుంటోందో తెలీదు. ఆ పైన వేలాడే గుడ్డ సంచుల నిండా నువ్వు చెప్పిన దుమ్మే. ఆ సంచుల్ని దులపడానికి ఊదే గాలి ఒక్కసారి కొట్టి ఆ దుమ్మంతా దాని మీద పడి ఉంటే ఏమయ్యేదో నీకు నేను చెప్పాలా?

ఫిట్టరు చీపురందుకోబోయాడు. బావ అతని మణికట్టు పట్టుకుని, "దులపకు. పరుగెత్తకు. మామూలుగా నడుచుకుంటూ పోదాం పద" అన్నాడు, పిల్లాడితో చెప్పినట్టు. హాల్లో ఉన్నవాళ్ళందర్నీ నేను ఒక్కొక్కర్నీ భుజం తట్టి బయటికి పంపాను. గట్టిగా అరిస్తే దూలాల మీంచి దుమ్ము రాలుతుందేమోనని పిచ్చి భయం వేసింది, అందుకే గుసగుసగానే చెప్పాను. అందరికంటే వెనక బావ వచ్చాడు. అగ్నిమాపకం వాళ్ళొచ్చి నీళ్ళని ధారగా కాకుండా మంచులా చల్లి, నెమ్మదిగా ఆర్పి, ఆ గడ్డని బకెట్‌లో బయటికి తెచ్చారు. యజమాని ఆ బకెట్‌లోకి తొంగిచూశారు. మర్నాడు పొద్దున్నే షెడ్డులోంచి కార్లు బయటికి తీయించారు.

ఫోన్ ఎత్తలేదంటే ఇంట్లో లేం, ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉన్నాం. మీ యంత్రం పంపొద్దని అదే రోజు మీవాళ్ళకి కబురు పెట్టించాను.

పైదంతా రాసి వెంటనే పంపేశాను, ఇది కొన్ని వారాల తర్వాత రాస్తున్న రెండో కాగితం. అసలు దుమ్ముతో మళ్ళీ పరీక్ష చేయించాం. నువ్వన్నట్టే వచ్చింది, ఇంకా ఎక్కువే. కొత్త ఫిల్టర్ ఇక షెడ్డు తీసేసిన చోట, ఆరుబయట. రేకు ఖాళీ స్థలం వైపు. మంట గొట్టంలోంచి హాల్లోకి వెనక్కి రాకుండా మధ్యలో ఒక తలుపు, అది దానంతటదే మూసుకుంటుంది. అంత గట్టి పెట్టె మీ కంపెనీ చెయ్యదని మీ మేనేజరే రాశారు. చేసేవాళ్ళకి ఇచ్చాం, వాళ్ళు బిగించేశారు, రేపు లైను మళ్ళీ మొదలు. మీ ఆర్డర్ రద్దు కాగితం మీద మొదటి సంతకం నాది. దాంతో నీ ఉద్యోగం ఏమవుతుందో తెలిసే పెట్టాను. అక్షరం వంకర పోయింది, కళ్ళజోడు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

నీ ఉద్యోగం ఉందో పోయిందో నువ్వింకా రాయలేదు. ఏదైనా సరే దాచకుండా రాయి. అమ్మకి నేనింకా ఏమీ చెప్పలేదు.

ఇది రాస్తుంటే బావ పక్కన కూర్చుని, "ఏం రాస్తున్నావ్" అన్నాడు. "నా తమ్ముడి కూడు నా చేత్తోనే తీశానని రాస్తున్నాను" అన్నాను. "నీ తరఫున ఏం రాయమంటావ్" అంటే గడ్డం గోక్కుని, "రేపు మొదటి షిఫ్టుకి వెళ్తున్నానని రాయి" అన్నాడు.

నీ
అక్క