పప్పు ఉడికే నీళ్ళు

అక్కా,

నీ సంవత్సరీకానికి ఊరొచ్చాను. నువ్వు పోయాక ఎం.టెక్.లో చేరాను, పర్యావరణ ఇంజనీరింగ్. థీసిస్ కోసం పోయినసారి మన ఊరి నీళ్ళు రెండు సీసాల్లో పట్టుకెళ్ళి లాబ్‌లో పరీక్ష చేశాను.

ఒకటి మైలు దూరంలోని చేలో బావిది. కందిపప్పు ఇట్టే ఉడుకుతుందని పెళ్ళిళ్ళకి కూడా ఊరంతా ఆ నీళ్ళే తెచ్చేవాళ్ళు. పదేళ్ళప్పటి నుంచీ మన ఇంటికి నువ్వే మోశావు. ముప్పై దాటకుండానే నీ నడుం వంగిపోతే బిందెల బరువనుకున్నాం. బరువు కాదు, ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్.

ఈ రోజు వంటకి అవి వద్దంటే అమ్మకి కోపం వచ్చింది.

"ఏందిరా నువ్వు చెప్పేది? పెరటి బావి ఉప్పు నీళ్ళల్లో పప్పు ఉడికిద్దా? మీ అక్క ఆ నీళ్ళంటే చానా ఇష్టపడేది."

రెండో సీసా పెరటి బావిదే. ఆ నీళ్ళు మనం గేదెలకే పోసేవాళ్ళం. కాస్త ఉప్పనే తప్ప తాగితే ఏమీ కాదు. ఆ మాటా, నీ నడుం సంగతీ అమ్మకి చెప్పాను.

అమ్మ పెరట్లోకెళ్ళి బావిలో చేద వేసింది. ఆ నీళ్ళతోనే వండింది. పప్పు పలుకు పలుకుగా ఉంది. నీకు పెట్టిన విస్తట్లోనూ అదే వడ్డించింది.

చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ లెక్కపెట్టాను. వంటింటి గడప నుంచి పెరటి బావికి పద్నాలుగు అడుగులు.