అక్క లెక్క

ఖతర్ దేశంలో, దోహా పక్కన అల్ రయ్యాన్‌లో కాపురముంటున్న నేను, కొల్లూరి వసుంధర, సుబ్బారావు గారి భార్యను, వయస్సు యాభై ఏడు, స్వస్థలం గుంటూరు, ఇన్సూరెన్సు కంపెనీలో ప్రీమియం రేట్లు కట్టే ఉద్యోగం, మతి స్థిమితంగా ఉండి, ఒకరి బలవంతం గానీ బతిమాలడం గానీ లేకుండా, నా స్వార్జితమైన స్థిరచరాస్తుల గురించి రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేమైనా ఉంటే అవి రద్దు. మతి స్థిమితంగానే ఉంది. కోపంగా కూడా ఉంది. ఈ రెండూ ఒకచోట ఉండవని మా ఆయన అంటారు. ఆయనకు రెండింటితోనూ పెద్దగా పరిచయం లేదు.

వచ్చే మంగళవారం నా గుండెలో కవాటం మారుస్తున్నారు. నూటికి తొంభై ఆరుగురు లేచి నడుస్తారని డాక్టరు చెప్పాడు. మంచి రేటే. కాకపోతే మిగిలిన నలుగురికీ ఆయన అదే మాట చెప్పి ఉంటాడు. అందుకని రాసి పెడుతున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురు అమ్ముది. సుబ్బారావు గారికి అప్పగించకపోవడం ఆయన మీద అపనమ్మకం వల్ల కాదు. కారు కాగితాలు పోయాయని ఇల్లంతా వెతికితే ఫ్రిజ్‌లో కొత్తిమీర కింద దొరికాయి. పెట్టింది ఆయనే.

2. నా భర్త సుబ్బారావు గారికి, నా ఉద్యోగం తాలూకు గ్రాట్యుటీలో, ఏడో నిబంధన కింద పోయేది పోగా మిగిలినదానిలో సగం. హాల్లోని సోఫా, టీవీ, రిమోటు కూడా ఆయనవే. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా మాటకు అడ్డు చెప్పని మనిషి. మా తమ్ముడి మాటకూ చెప్పలేదు. నట్టింట్లో వాడు దుకాణం తెరిస్తే, "మనకెందుకులే వసూ" అన్నారు. ఆ మాటను కూడా సర్వహక్కులతో ఆయనకే వదిలేస్తున్నాను. నేను లేకపోతే రోజూ బీపీ మాత్ర వేసుకోవాలని ఎవరైనా ఆయనకు చెప్పండి.

3. అమ్ముకి గ్రాట్యుటీలో మిగిలిన సగం, నా బంగారంలో గాజుల జత ఒకటి మినహా అంతా. ఆఫీసు బల్ల మీది క్యాలిక్యులేటర్ కూడా. ఏడో నంబరు గట్టిగా నొక్కాలి. పెళ్ళి ఎప్పుడని ఎవరడిగినా నువ్వు జవాబు చెప్పనక్కరలేదని ఇందుమూలంగా రాతపూర్వకంగా ఇస్తున్నాను.

4. నా తమ్ముడు పోలవరపు అమర్నాథ్ గురించి మొదలుపెడుతున్నాను. ఇక్కడ కలం ఒత్తిడికి కాగితం చిరిగితే అది గుండె జబ్బు వల్ల కాదు.

అమ్మ పోయేటప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు. నేనే పెంచాను. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. వాడు ప్రాక్టీసు చేస్తుంటే గోలు వెనక నిలబడి, కంపల్లో పడ్డ బంతులు ఏరి ఇచ్చేదాన్ని. ఈ ఆటలో నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే. నా మొదటి జీతంతో వాడికి గ్లౌజులు కొన్నాను. అవి అటకెక్కకుండా, ఊళ్ళు మారినా నాతోనే వచ్చి, నా బీరువా కింద అరలో ఉన్నాయి. వాటిని ఆస్తి కింద రాయడం లేదు. అవి వాడివే, నా దగ్గర ఉన్నాయి, అంతే. ఎప్పుడైనా తీసుకోవచ్చు.

5. లెక్క గురించి. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఈ ఊళ్ళో జరిగిన ఏడాది, అమర్నాథ్ ఫోనులో పందేలు కట్టి మూడు నెలల జీతం ఊడ్చిపెట్టాడు. అప్పటికి ఇండస్ట్రియల్ ఏరియాలో గోడౌన్ క్లర్కు ఉద్యోగం, మా ఇంట్లో వెనక గది. ఈ దేశంలో పందెం నేరం. దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం. వాడికి ఆ భయం లేదు. "మంచి టీమ్ మీదే పెట్టానక్కా, అయినా పోయింది" అని నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఎంత రేటుకు పెట్టావురా అంటే చూడలేదన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను రేట్లు కట్టి అన్నం తినేదాన్ని. నా తమ్ముడు రేటు చూడలేదట!

వాడికి బుద్ధి చెప్పడానికే కాగితం తీశాను. రెండు సీజన్లు, ఒక్క రియాల్ కూడా నిజంగా పెట్టకుండా, కాగితం మీదే ఆడాను. చెప్పినదంతా ఇది. లేత వంకాయలు కనబడగానే బుట్టలో వేసుకోం కదా, కిలో ఎంత అని అడుగుతాం. జట్టు కూడా అంతే. పది మ్యాచ్‌లాడితే నాలుగు గెలిచే జట్టు ఒకటుందనుకోండి. రేటు మూడైతే, వంద పెట్టి గెలిచిన ప్రతిసారీ మూడొందలు చేతికొస్తాయి. పదిసార్లకు వెయ్యి పోసి పన్నెండొందలు తెచ్చుకుంటారు. అదే జట్టు, అవే నాలుగు గెలుపులు, రేటు రెండుంబావు అయితే వచ్చేది తొమ్మిదొందలు. వంద పోయింది. జట్టేమీ మారలేదు. ఎవరు గెలుస్తారని అడిగేవాడికి అందుకే నేను జవాబు చెప్పను. రేటెంతని అడిగినవాడితోనే మాట్లాడతాను.

ఇంకొకటి. క్రికెట్ చూసి చూసి మనవాళ్ళకు గెలుపు, ఓటమి, రెండే కనబడతాయి. ఫుట్‌బాల్‌లో మూడోది ఉంది, డ్రా. దాని మీద ఎవరికీ మోజుండదు కాబట్టి ఒక్కోసారి మంచి రేటు దొరికేది అక్కడే. ఎన్నిసార్లు చెప్పినా వాడు డ్రా మరిచిపోయేవాడు. "డ్రా కూడా ఒక ఫలితమేరా సన్నాసీ" అని ప్రతి శుక్రవారం ఇడ్లీలు వడ్డిస్తూ చెప్పేదాన్ని. పెట్టేది ఎప్పుడూ ఉన్నదాంట్లో యాభయ్యో వంతు దాటకూడదనీ, పోయిందని రెట్టింపు పెట్టేవాడు అడుక్కుతింటాడనీ కూడా చెప్పాను.

ఇంతా చేస్తే రెండు సీజన్లకు తేలిన లాభం నూటికి నాలుగు. బ్యాంకులో వేసినా వస్తుంది. అది కూడా ఆడనిస్తే. వరసగా గెలిచేవాణ్ణి బుకీ గడప దాటనివ్వడు, పదో పరకో మించి పెట్టనివ్వడు. నా ల్యాప్‌టాప్‌లో రహస్యం ఏదో ఉందని అమర్నాథ్ నమ్మకం. ఉన్నది ఇదే. ఈ లెక్కను లోకంలో అందరికీ సమాన హక్కులతో దఖలు పరుస్తున్నాను. ఇక దీన్ని అమ్ముకునే హక్కు ఎవడికీ లేదు.

6. వాడు అమ్ముకున్నాడు. నేను ఇడ్లీలతో చెప్పినవి పట్టుకెళ్ళి ఫోనులో గ్రూపు పెట్టాడు. పేరు "అక్క లెక్క". నెలకు ముప్ఫై రియాళ్ళు. చేరినవాళ్ళంతా లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్ళే, తెలుగువాళ్ళే. "ఫలానా జట్టు, రేటు మూడుకి తగ్గితే ముట్టుకోవద్దు" అని నేనంటే, వాడు పంపేది "అక్క లెక్క: ఈ రోజు ఫలానా జట్టు, పక్కా" అని. రేటు ఎగిరిపోయింది, షరతు ఎగిరిపోయింది, నేను మిగిలాను. డ్యూటీ దిగి, బస్సు దిగి, స్నానానికి వరసలో నిలబడి ఫోను తెరిచేసరికి ఆ రేటు ఎప్పుడో పడిపోయి ఉండేది. పోతే రెట్టింపు పెట్టండి అన్న సలహా మాత్రం వాడి సొంతం.

ఎందుకురా రేటు తీసేశావని అడిగాను. "వాళ్ళకు అర్థం కాదక్కా" అన్నాడు. ఓరి నీ తెలివి తగలెయ్య! ఎండలో ఇనుము వంచేవాడికి ఊళ్ళో నూటికి నెలకు ఎంత వడ్డీయో తెలుసు. ఈ వేళ రియాల్‌కు ఎన్ని రూపాయలో, ఏ ఎక్స్‌చేంజ్‌లో పది పైసలు ఎక్కువిస్తారో తెలుసు. వాళ్ళకు రేటు అర్థం కాదట! అర్థం కానిది నీకురా, చదువుకున్న గాడిదా.

7. మా డ్రైవర్ మస్తాన్, రాయచోటి దగ్గరి మనిషి. ఇరవై నెలలుగా నన్ను ఆస్పత్రికి తిప్పుతున్నది ఇతనే. ఒక రోజు సల్వా రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు పక్కన ఉన్న అతని ఫోను వెలిగింది. "అక్క లెక్క: పక్కా". నాకు సంగతి తెలిసింది అలాగే. ఇదేమిటి మస్తాన్ అన్నాను. "మీ లెక్కే గదమ్మా. మీది తప్పుతాదా అని పెట్టినా" అన్నాడు. నాకు తెలిసే జరుగుతోందనుకున్నాడు ఆ మనిషి. ఇంటికి స్లాబు వేయడానికి దాచిందంతా పోయింది. పిల్లర్ల మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ తుప్పు పడుతున్నాయి. నా వల్లే పోయిందనుకుంటూ కూడా, ఇన్నాళ్ళూ నాకు కారు తలుపు తీశాడు, మెట్ల దగ్గర చెయ్యి అందించాడు. ఒక్కనాడు తలుపు విసురుగా వెయ్యలేదు.

కనుక నా గ్రాట్యుటీలోంచి అందరికంటే ముందు మస్తాన్ ఇంటి స్లాబుకు ఎంతైతే అంత ఇవ్వాలి. సిమెంటు ఇప్పటి ధరకు. వద్దంటాడు, వినవద్దు. అతని భార్య హుస్సేన్‌బీకి నా గాజుల జత. నేను చూడని మనిషి. మస్తాన్ సెలవు నుంచి వచ్చిన ప్రతిసారీ నాకోసం వెల్లుల్లి కారం దంచి పంపింది. స్లాబు డబ్బు పోయిన ఏడాది కూడా పంపింది. ఆ కారం కలుపుకుని అన్నం తిన్నాను నేను, ఏమీ తెలియకుండా.

8. ఆ ఫోను చూసిన వారం శుక్రవారమే మస్తాన్‌ని తీసుకుని ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక క్యాంపుకు వెళ్ళాను. సుబ్బారావు గారు వద్దన్నారు. మెస్సులో నిలబడి, ఆ గ్రూపు నాది కాదు, వెంటనే మానెయ్యండి అన్నాను. జగిత్యాల వైపు రాజేందర్ అనే అతను పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. "నువ్వేనా అక్కవు? మంచిగ ముంచినవ్ గదా" అన్నాడు. "మా అవ్వ సాయవ్వకు కంటి ఆపరేషన్ పైసలవి. దుబాయ్‌ల ఉన్న కొడుకు పంపుతడని కూసున్నది. గల్ఫంటే ఆమెకు దుబాయే." నేను కాదు, నా తమ్ముడు అని అనలేకపోయాను. అక్కడ ఉన్నవాళ్ళందరి నోటా అక్క అన్న మాట తిట్టులాగే వినిపించింది. అమ్మ పోయిన నాటి నుంచి నాకున్న పేరు అదొక్కటే. దాన్ని ముప్ఫై రియాళ్ళకు అమ్మాడు వాడు.

9. గుంటూరు బ్రాడీపేటలో నా జీతంతో కొన్న ఫ్లాటు గురించి. ఎనిమిదేళ్ళుగా అమర్నాథ్ భార్య శివకుమారి, పిల్లలు అందులో అద్దె లేకుండా ఉంటున్నారు. ఆ ఫ్లాటును అమర్నాథ్‌కు రాస్తున్నాను. ఒక్క షరతు. ఈ వీలునామా మీద సాక్షిగా సంతకం పెట్టినవారెవరికీ ఇందులోని ఆస్తి ఏదీ దక్కదు. చట్టం ఏమన్నా సరే, ఇది నా షరతు. వాడు గనక సాక్షి సంతకం పెడితే, ఫ్లాటు అమ్మి, ఆ గ్రూపులో పోగొట్టుకున్నవాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఎవరికెంతో మస్తాన్ చెబుతాడు. అతని మాట చాలు, రసీదులు అడగవద్దు. సాయవ్వ కంటి నుంచి మొదలుపెట్టాలి. శివకుమారికి ఇల్లు ఖాళీ చేయడానికి ఏడాది గడువు.

ఈ శుక్రవారం సాక్షి సంతకానికని వాణ్ణి పిలుస్తాను. కాగితాలు ముందు పెట్టి, చదివి పెట్టరా అంటాను. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుతాను, నిదానంగా కలుపుతాను. చదివితే ఇక్కడిదాకా వచ్చి కలం కింద పెడతాడు. ఫ్లాటు వాడిది, పీడా పోయింది. చదవకపోతే, అందరి డబ్బుతోనూ ఎలా ఆడాడో అలాగే చూడకుండా గీకేస్తాడు. ఉన్నవి ఈ రెండే. రేటు చెప్పకుండా పందెం కట్టడం నా పద్ధతి కాదు గనక చెబుతున్నాను: వాడు చదివే అవకాశం ఇరవైలో ఒకటి. సాక్షులు తక్కువ పడకుండా వేరే ఇద్దరితో ముందే సంతకాలు పెట్టించుకుంటున్నాను.

రెండు సీజన్లూ కాగితం మీద ఆడాను. నిజంగా కడుతున్నది ఈ ఒక్కటే. ఇందులో ఓడిపోవాలని ఉంది. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

10. నేను పోతే పెద్ద ఫోటో పెట్టవద్దు. పదో రోజు భోజనాల్లో వంకాయ కూర తప్పనిసరి. లేతవి కొనండి, రేటు అడిగి.

ఈ వీలునామా ఆరు పేజీలు. ప్రతి పేజీ నేనే రాసి, నేనే చదివి, నా ఇష్టపూర్వకంగా సంతకం చేశాను.

అల్ రయ్యాన్,
2025 నవంబరు 14, శుక్రవారం

(సం.) కొల్లూరి వసుంధర

సాక్షులు: పై వ్యక్తి మా కళ్ళ ఎదుట సంతకం చేయగా చూసి, మేమూ చేశాము.

1. (సం.) ప్రతిమ, ఆఫీసులో పక్క సీటు

2. (సం.) ఫర్హా, పై అంతస్తు వాటా

3. (సం.) పోలవరపు అమర్నాథ్, తమ్ముడు

అక్కా, మొదటి పేజీ నుంచి చదివాను. తొమ్మిదోది రెండుసార్లు చదివాను. చదివే పెడుతున్నాను సంతకం. డ్రా సంగతి ఈసారి నువ్వే మరిచిపోయావు. శివకుమారికి నేను చెప్పుకుంటాను. గ్లౌజులు తీసుకెళ్తున్నాను.