గురువారం స్నేహితుడు

28 జూన్ 1998, ఆదివారం

ఏ కార్యమైనను ఆరంభించుటకు ముందు దాని విధానమును నిర్ణయించుకొనవలెను. విధానం లేని ఉపకారం వల్ల చేసినవారికీ, చేయించుకున్నవారికీ మేలు జరగదు. ఫైలు మాత్రం లావెక్కుతుంది. ఇరవై ఏడేళ్లుగా ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తూ, సూపరింటెండెంటు హోదాలో ఈ మాట రాస్తున్నాను. ఈ డైరీ ఎవరికీ ఉద్దేశించినది కాదు. నకలు ఎవరికీ పంపబడదు.

సాయంత్రాలు మీరు ఇంట్లో ఉంటే నాకు ఊపిరాడట్లేదండీ, ఎక్కడికైనా వెళ్లి సేవ చేసుకోండి అని నా భార్య బాలాత్రిపురసుందరి చాలాకాలంగా కోరుతోంది. ఆ విన్నపాన్ని పరిశీలించి, రాజమండ్రిలో డాక్టర్ హారతి గారి సంస్థలో వాలంటీరుగా చేరాను. మనోవ్యాధి వల్ల ఇంటికే పరిమితమై, ఒంటరిగా ఉండిపోయినవారి దగ్గరకు వారానికొకసారి వెళ్లి స్నేహం చేయడం మా డ్యూటీ.

ఇవాళ ఒక పూట ట్రైనింగ్. స్నేహితుణ్ని సొంత విషయాలు అడగకూడదు. మన సొంత విషయాలు చెప్పకూడదు. ఇంట్లోవాళ్ల కష్టాలు ఆయన ముందు ఎత్తకూడదు. మరి ఏం మాట్లాడాలని అడిగాను. మామూలుగానే అండీ, మీ ఫ్రెండ్‌తో మాట్లాడినట్టే అని డాక్టర్ గారు నవ్వారు.

ఆమె చిన్నపిల్ల. మన జిల్లాలో స్నేహమంటే మీదే ఊరండీ, ఇంటిపేరేంటి, జీతమెంత, ఇవాళ ఏం కూర అనేవే. వీటిని తీసేస్తే మిగిలేది దగ్గు.

2 జూలై, గురువారం

ఆఫీసు నుంచి నేరుగా దానవాయిపేట వెళ్లాను. నాకు కేటాయించబడిన స్నేహితుడు చంద్రరావు గారు. వయసు నలభై నాలుగు. ఒకప్పుడు ఎరువుల దుకాణం నడిపేవారు. వీధిలో అందరూ తననే చూస్తున్నారని, తన గురించే చెప్పుకుంటున్నారని భయం పట్టుకుంది. మందులు వాడుతున్నారు. మూడేళ్లుగా గేటు దాటలేదు. భర్త పోయిన అక్క అచ్చాయమ్మ గారే అన్నీ చూసుకుంటున్నారు.

ఎదురెదురుగా కూర్చున్నాం. ప్రశ్నలు నిషిద్ధం కనుక నేను గోడను చూశాను. ఆయన నన్ను చూశారు. అచ్చాయమ్మ గారు అరటికాయ బజ్జీలు పెట్టారు. ఫలహారం విషయంలో నియమావళి మౌనం వహించింది కనుక తిన్నాను.

వెళ్తుంటే ఆవిడ గేటు దగ్గర గొంతు తగ్గించి చెప్పారు. కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయట. ఆపరేషన్ ఆలస్యమైతే చూపే పోతుందన్నారట. నేను ఆసుపత్రిలో పడుకుంటే తమ్ముణ్నెవరు చూస్తారండి, మీరు కాస్త అలవాటైతే ఆ నాలుగు రోజులూ మీకు ఒప్పజెప్పి వెళ్తాను, వాడితో మాత్రం అనకండే, బెంగెట్టుకుంటాడు అన్నారు. అననని హామీ ఇచ్చాను. ఎలాగూ రూలు కూడా అదే.

9 జూలై, గురువారం

ఎవరమూ మాట్లాడలేదు. బజ్జీలు బాగున్నాయి.

16 జూలై, గురువారం

వర్షం అన్నాను. ఆయ్ అన్నారు. గణనీయమైన పురోగతిగా భావిస్తున్నాను.

గంటసేపు కూర్చుని ఇంతేనా మాట్లాడింది అని బాలాత్రిపురసుందరి ఆశ్చర్యపోయింది. పాపం అంది. ఎవరిని ఉద్దేశించి అన్నదో స్పష్టం చేయలేదు.

23 జూలై, గురువారం

అచ్చాయమ్మ గారు నా కాఫీలో పంచదార అనుకుని ఉప్పు వేశారు. చంద్రరావు గారు కాఫీ తాగరు కనుక ఈ సంగతి ఆయనకు తెలియదు. పైకి చెబితే ఆవిడ చూపు సంగతి బయటపడుతుంది. నియమావళిని గౌరవిస్తూ గ్లాసు చివరి వరకూ తాగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

చంద్రరావు గారు నన్ను చాలాసేపు చూశారు. తన భుజం మీది తువ్వాలు తీసి నా వైపు జరిపారు. ఏం పర్లేదండి, తగ్గిపోద్ది అన్నారు.

ఆయన నాతో మాట్లాడిన తొలి వాక్యం ఇదే. ఇది ఎవరు ఎవరికి చెప్పవలసిన వాక్యమో రికార్డు పరిశీలించి తేల్చాలి.

30 జూలై, గురువారం

గేటు దగ్గర అచ్చాయమ్మ గారు సంకోచిస్తూ చెప్పారు. ఆ సూపరింటెండెంటు గారికి ఎన్నాళ్లనుంచి బాగోలేదక్కా, ఇంట్లో పలకరించేవాళ్లు లేరా, వారం వారం మనింటికొచ్చి గోడకేసి చూస్తన్నారు అని తమ్ముడు అడిగారట.

ఖండన జారీ చేయదలిచాను. కానీ సొంత విషయాలు చెప్పకూడదు. డాక్టర్ హారతి గారికి ఫోన్ చేశాను. చాలాసేపు నవ్వి, దయచేసి ఖండించకండి సార్ అన్నారు. ఉన్నతాధికారి ఆదేశం.

13 ఆగస్టు, గురువారం

అచ్చాయమ్మ గారి నుదురు బొప్పి కట్టి ఉంది. గేటు కనపడలేదట. గాలికి తలుపు కొట్టుకుందని తమ్ముడికి చెప్పారట. ఈ నెలాఖరులోగా ఆపరేషన్ చేయించుకోవాలని, ఆ తర్వాత తన పూచీ లేదని కంటి డాక్టరు తేల్చి చెప్పారు.

కారణం చెప్పకుండా, నాలుగు రోజులు చుట్టాలింటికెళ్తాను, సూపరింటెండెంటు గారు నీకు తోడుంటారు అని తమ్ముడితో అన్నారట. అమ్మో, ఆయన్ని నేనొక్కణ్నీ చూసుకోలేనక్కా అన్నారట చంద్రరావు గారు.

ఆవిడ వెళ్లనంటున్నారు. చూపు పోయినా పర్లేదండి, ఇల్లంతా తడుముకు తిరగడం అలవాటే అన్నారు. ఇవాళ బజ్జీలు ముట్టలేదు.

19 ఆగస్టు, బుధవారం

వరద డ్యూటీ. రోజంతా బ్యారేజీ మీద వానలో నిలబడ్డాను. ఒళ్లు వెచ్చబడింది.

21 ఆగస్టు, శుక్రవారం

నిన్న జరిగినది నిన్న రాసే స్థితిలో లేను.

జ్వరం వల్ల దానవాయిపేట వెళ్లలేదు. కబురు మాత్రం పంపాను. సాయంత్రం బాలాత్రిపురసుందరి వచ్చి, ఎవరో గొడుగేసుకుని వీధిలో నిలబడ్డారండీ, రమ్మంటే రారు, పొమ్మంటే పోరు అంది. కిటికీలోంచి చూశాను. చంద్రరావు గారు. చేతిలో బ్రెడ్డు పొట్లం, బత్తాయిలు.

లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. వణుకుతున్నారు. ఆటోవాడు అద్దంలోంచి నన్నే చూస్తన్నాడండి, సగం దారిలో దిగిపోయి నడిచొచ్చేశాను, మీ ఇల్లెక్కడని అడిగితే ప్రతివోడూ నా మొహంలోకే చూశాడండి అన్నారు. మరి ఎందుకొచ్చారండీ అన్నాను. మీకు బాగోలేదు కదండి అన్నారు.

తర్వాత ఇంటిపేరు అడిగారు. జీతం అడిగారు. పిల్లలు లేరంటే ఏ డాక్టరుకి చూపించారో అడిగారు. జ్వరానికి పథ్యం ఏంటని అడిగారు. నిషిద్ధ ప్రశ్నలన్నీ కాసేపట్లో పూర్తయ్యాయి. అన్నిటికీ జవాబు చెప్పాను. ఇంత హాయిగా ఈ మధ్యకాలంలో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ ఊపులో, జ్వరం ఊపు కూడా కావచ్చు, చివరి రూలు కూడా పోయింది. మీ అక్కగారి చూపు పోతోందండీ, మీ కోసం ఆపరేషన్ మానుకుంటున్నారు అనేశాను.

ఆయన వణుకు ఆగింది. బత్తాయిలు మంచం మీద పెట్టి లేచారు. అందరూ నన్ను చూసుకుంటారు గానీ నాకేదీ చెప్పరేంటండి అన్నారు. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

లక్షణంగా ఉన్నారు, ఈయనకేనా బాగోలేదన్నారు అంది బాలాత్రిపురసుందరి.

నేను తప్పు చేశానేమో. నిద్ర పట్టలేదు.

24 ఆగస్టు, సోమవారం

రేపు అచ్చాయమ్మ గారికి ఆపరేషన్. అటెండెంటు: చంద్రరావు గారు.

27 ఆగస్టు, గురువారం

ఫ్లాస్కుతో ఆసుపత్రికి వెళ్లాను. చంద్రరావు గారు వరండాలో గోడకేసి మొహం పెట్టి నిలబడి ఉన్నారు. చొక్కా చెమటకు తడిసిపోయింది. మాత్రల వేళకు మాత్రం ఇటు తిరిగి, తల వంచుకుని వార్డులోకి వెళ్లి, అక్కచేత మింగించి, మళ్లీ గోడ దగ్గరకు వస్తున్నారట. రాత్రి కూడా తప్పలేదని నర్సు చెప్పింది.

అందరూ నన్నే చూస్తన్నారండి అన్నారు. తనిఖీ చేశాను. నిజమే, బెంచీల మీది వాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. అయితే ప్రతి ఒక్కరికీ ఒక కంటికి కట్టు ఉంది. సగమే చూస్తున్నారు లెండి అన్నాను.

చంద్రరావు గారు గోడకేసి నవ్వారు. ఆయన నవ్వు వినడం ఇదే మొదలు. పెద్దగానే నవ్వుతారు.

అచ్చాయమ్మ గారికి కట్టు విప్పారు. తమ్ముణ్ని గడ్డం పట్టుకుని చూసుకున్నారు, తల నెరిసిపోయిందేంట్రా అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, పైనుంచి కింది దాకా పరిశీలించారు. తమ్ముడు చెప్పింది నిజమేనండి, మీకు అస్సలు బాగోలేదు అన్నారు.

3 సెప్టెంబరు, గురువారం

చంద్రరావు గారు మళ్లీ గేటు లోపలే ఉన్నారు. అది మామూలేనని, తొందరపడవద్దని డాక్టర్ గారు అన్నారు. నేను పూర్తి ఆరోగ్యంతో వెళ్లాను; ఆయన అరుగు దిగలేదు. వచ్చేస్తూ తుమ్మాను. వెంటనే గొడుగు పట్టుకుని గేటు దాటి, వీధి చివరి దాకా వచ్చి నన్ను ఆటో ఎక్కించారు.

కావున ఇందుమూలముగా నిర్ణయించడమైనది: గురువారం నాడు వాలంటీరు సంపూర్ణ ఆరోగ్యంతో డ్యూటీకి హాజరు కారాదు. కనీసం ఒక తుమ్ము తప్పనిసరి. ఇది అంతిమం.