మూర మీద బెత్తెడు

విజయవాడ వన్ టౌన్,
శుక్రవారం.

అక్కకి నాగమణి నమస్కారాలు.

నువ్వూ బావగారూ స్వాతీ కులాసాగా ఉన్నారా? బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? మగ్గం గుంటలో అదేపనిగా కూర్చోవద్దని చెప్పు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు. మా ఆయన ఆటోనగర్ షెడ్డుకి పొద్దున్నే పోయి పొద్దుగూకాక వస్తారు. ఎండ సంగతి అడక్కు. మాది రేకుల గది, పైన కొండ రాళ్ళు కాగుతుంటాయి. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది. పక్కింటివాళ్ళు పలకరిస్తే పలుకుతారు, లేకపోతే లేదు. అయినా బాగానే ఉన్నాం.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటే అంటావు. నోటితో చెప్పలేని సంగతి అక్కా. సిగ్గేస్తోంది.

పూలకొట్టులో పని దొరికిన రోజు నీకెంత గొప్పగా చెప్పానో గుర్తుందిగా. కొట్టు యజమాని మాణిక్యమ్మ గారు నా చెయ్యి పట్టుకుని చూసి, "నీ చెయ్యి బాగుందమ్మాయ్, రేపట్నుంచి వచ్చెయ్" అన్నారని. నేతవాళ్ళ పిల్లని, దారం పట్టిన చెయ్యి గదా, అందుకే మెచ్చారని మురిసిపోయాను. నువ్వూ పెడనలో వీధంతా చెప్పుకున్నావు. ఆవిడ చూసింది నా వేళ్ళ పనితనం కాదు. మోచెయ్యి దగ్గర్నుంచి వేలి కొస దాకా పొడుగెంతో చూశారు. పూలు మూరల లెక్కన అమ్ముతాం. కొలిచేది పొట్టి చెయ్యయితే కొట్టుకి లాభం.

పడుగు కొలుస్తూ నాన్న చెప్పేవాడే, "మూరా మోచెయ్యీ ఒక్క కడుపున పుట్టిన మాటలర్రా. మోకాలు కూడా వాటి తోబుట్టువే. గజానికి రెండు మూరలు, మనిషికి నాలుగు" అని. అంతా చెప్పి నావైపు తిరిగేవాడు. "నీది పొట్టి చెయ్యే. మూర మీద బెత్తెడు కలుపు." నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి కలిపితే గానీ నా మూర మూరయ్యేది కాదు. నీకు నాన్న చెయ్యే వచ్చింది, నీకా బాధ లేదు.

కొట్టులో మొదటిరోజు అలవాటు కొద్దీ బెత్తెడు కలిపాను. "ఆ నాలుగు వేళ్ళూ ఎవరికమ్మా, మీ పుట్టింటికా?" అన్నారు మాణిక్యమ్మ గారు. అంతే, మానేశాను. నెల తిరిగేసరికి మోచెయ్యి కాస్త ముడిచి, కొన వదిలేసి మడత దగ్గర్నుంచి కొలవడం కూడా వచ్చేసింది. అది నాకెవరూ నేర్పలేదు.

ఒకరి మోచేతి నీళ్ళు తాగడమంటే ఏమిటని చిన్నప్పుడు నాన్ననడిగాను. పైవాడు దోసిలితో తాగుతుంటే మోచేతి మీంచి కారే నీళ్ళు కిందవాడు పట్టుకుని తాగడం అన్నాడు. నాదీ ఆ బతుకేలే, ఆవిడ కొట్టు, ఆవిడ మాట అని సర్దిచెప్పుకున్నాను. కానీ ముడిచిన మోచెయ్యి నాదే గదక్కా.

జైనాబీ గారని ఒక పెద్దావిడ ప్రతి గురువారం వస్తారు. భర్త సమాధి మీద వెయ్యడానికి నాలుగు మూరల పూలు కొని కొడుకు చేత పంపుతారు. పోయిన వారం ఆవిడ నెమ్మదిగా, "అమ్మా, పూలు మా ఆయన కాళ్ళ దాకా రావట్లేదని మా వాడంటున్నాడు. ఆయన పొడుగు మనిషిలే, అదే అయ్యుంటుంది" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "అయ్యుంటుందండీ" అన్నాను. చచ్చిపోయిన మనిషి మీదకి నెట్టేశాను.

నిన్న మళ్ళీ వచ్చారు. చెయ్యి బారుగా చాపి, మూర మూరకీ బెత్తెడు కలిపి ఇచ్చాను. పాత తప్పు మాత్రం నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఆవిడ దండ చూసుకుని నా తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. వచ్చే గురువారం చెప్పేస్తాను, చెప్పి తీరాలి. ఆవిడటు వెళ్ళగానే మాణిక్యమ్మ గారు, "ఇలాగైతే నెలాఖరుకి ఇంకో అమ్మాయిని చూసుకుంటా" అన్నారు. చూసుకోనీ.

సెలవుల్లో స్వాతిని కొట్టుకి పంపుతానన్నావు. వద్దక్కా. దానిదీ నా చెయ్యే. మాణిక్యమ్మ గారికి తప్పకుండా నచ్చుతుంది.

నాన్న తన చేతి కొలతకి కోసుకున్న మూరకర్ర అటక మీద ఉండాలి. ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు. ఈ కొట్టులో కాకపోతే ఇంకో కొట్టులో, దాంతోనే కొలుస్తాను.

బావగారికి నమస్కారాలు, స్వాతికి ముద్దులు. ఈ ఉత్తరం తెచ్చే మన వీధి సుబ్బారావు అన్నయ్య చేతికి అరిటాకులో చుట్టి నాలుగు మూరల మల్లెపూలు ఇచ్చాను. నాన్న ఫోటోకి వెయ్యి. కానీ ముందు నీ చేత్తో కొలువు. సరిపోతే నన్ను దీవించు. తక్కువొస్తే నాన్నకి వెయ్యొద్దు.

నీ చెల్లెలు,
నాగమణి